బ్యాటరీ ఆయుర్దాయము

మోటారు బండిలోని బ్యాటరీ ఒకనాడు ఆకస్మికముగా చచ్చినదని లోకులు చెప్పుకొందురు. "నిన్నటి దాకా బాగుగనే ఉన్నది, ఈ దినము సెల్ఫ్ తీయలేదు" అనుట పరిపాటి. కాని బ్యాటరీకి ఆకస్మిక మరణము చాల అరుదు. అది నెలల తరబడి లోలోపల క్షీణించును; క్షీణించుచున్నట్లు పైకి తెలియనీయదు; ఇక దాచుటకు వీలులేని ఒక ఉదయమున బయటపడును. ఆ ఉదయము తరచుగా చలికాలపు ఉదయమగును. అందుచేత జనులు నేరమును చలిపై మోపుదురు. నిజమునకు దెబ్బ తగిలినది పుష్యమాసములో కాదు, అంతకు ముందటి వైశాఖములో. వేసవి గాయపరచును, శీతకాలము ఆ గాయమును బయటపెట్టును.

ఈ సత్యమును గ్రహించుటకు నారాయణఖేడ్ తగిన ఊరు. 1956కు పూర్వము ఇది బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినవచ్చు సరిహద్దు సీమ ఇది. ఊరికి రైలు లేదు. రాకపోకలన్నియు రోడ్డు మీదనే. హైదరాబాదు 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. వేసవిలో ఇచట ఎండ 40 డిగ్రీలను దాటును. అదే జిల్లాలోని కోహీరు, జహీరాబాదు ప్రాంతములలో చలికాలపు రాత్రులు కొన్ని సంవత్సరములలో 10 డిగ్రీలకు దిగువకు పోవును. ఇటువంటి ఎండకును ఇటువంటి చలికిని ఒకే బ్యాటరీ ఓర్చుకొనవలెను.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన సంగతి కాదు. అర్ధరాత్రి తండాలో ఒక స్త్రీకి నొప్పులు మొదలైనప్పుడు, వాకిట నున్న జీపు కదలకపోయినచో కాలహరణము ప్రాణహరణము కావచ్చును. 2005లో 108 అంబులెన్సు సేవ ప్రారంభమైన పిదప పల్లెలకు కొంత ధైర్యము చిక్కినది. అయినను ఆ అంబులెన్సును నడిపించునదియు బ్యాటరీయే. పదివేల రూపాయల వస్తువు కాదు గదాయని తలచరాదు. కావలసిన క్షణమున అది లేనిచో పది లక్షల బండి కూడ ఇనుప పెట్టెతో సమానము.

సీసపు బ్యాటరీ వయస్సు మోటారు కారు వయస్సు కన్న ఎక్కువ. ఇటలీ దేశీయుడగు వోల్టా 1800లో తొలి విద్యుద్ఘటమును నిర్మించెను. కాని అందులోని శక్తి ఒకమారు వ్యయమైనచో మరల నింపుటకు వీలులేదు. నింపుటకు వీలైన బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంటే రూపొందించెను: రెండు సీసపు రేకులు, నడుమ గంధకామ్లము. 1881లో కామిల్ ఫోర్ అను ఫ్రెంచివాడే సీసపు లేపనమును పలకలకు పట్టించి దాని సామర్థ్యమును పెంచెను. మోటారు కార్లు వచ్చిన తొలి దినములలో ఇంజనును చేతి కడ్డీతో త్రిప్పి లేపెడివారు. ఆ కడ్డీ వెనుకకు తన్నినచో చేయి విరిగెడిది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ నిర్మించిన విద్యుత్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో అమరిన నాటినుండి బ్యాటరీ కారుకు అనివార్యాంగమైనది. నూరేండ్లు దాటినను మూలసూత్రము మారలేదు. ప్లాంటే చూచిన రసాయన చర్యయే నేటికిని నారాయణఖేడ్ బస్టాండు ముందర నిలిచిన కార్లలో జరుగుచున్నది.

ఆ చర్య ఎట్టిదో ఉన్నత పాఠశాల విద్యార్థికి సులభముగనే బోధపడును. బ్యాటరీ డబ్బాలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల నిచ్చును. ఆరింటిని వరుసగా కలిపినచో 12.6 వోల్టులగును. ప్రతి గదిలోను ధనఫలకముపై గోధుమవన్నె లెడ్ డయాక్సైడు, ఋణఫలకముపై గుల్లగా నుండు సీసము, వాని మధ్య నీటితో కలిపిన గంధకామ్లము ఉండును. విద్యుత్తు వాడినప్పుడు రెండు ఫలకములపైనను లెడ్ సల్ఫేటు ఏర్పడును. ఆమ్లము తగ్గి నీరు పెరుగును. తిరిగి విద్యుత్తును ఎక్కించినప్పుడు సల్ఫేటు కరగి, పలకలు పూర్వరూపమును పొందును, ఆమ్లము చిక్కబడును. అనగా బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు, దాచునది. గాదె వంటిది. గాదె ధాన్యమును పండింపదు, పోసినదానినే ఇచ్చును. పోసినదాని కన్న ఎక్కువ తీయగోరినవాడు అడుగున చీపురు పట్టవలసి వచ్చును.

ఈ గాదెలోని నిలువను కొలుచుటకు రెండు మార్గములు కలవు. మూతలు తీయదగిన బ్యాటరీలో హైడ్రోమీటరు ముంచినచో ఆమ్లము యొక్క సాపేక్ష సాంద్రత తెలియును. నిండినప్పుడు అది 1.26 నుండి 1.28 వరకు ఉండును. పూర్తిగా తరిగినప్పుడు 1.12 ప్రాంతమునకు దిగును. రెండవది వోల్టు మీటరు. బండిని ఆపి కొన్ని గంటలు కదలకుండ నుంచి కొలచినచో 12.6 వోల్టులు నిండుదనమును, 12.2 సుమారు సగమును, 12కు దిగువ నున్న అంకె దారిద్ర్యమును సూచించును. అంకెల మధ్య తేడా స్వల్పముగా కన్పట్టును. సగము ఆస్తి పోయినను అంకెలో తగ్గినది అర వోల్టైనను లేదు. బ్యాటరీ తన క్షీణతను ఎట్లు దాచుకొనునో ఈ ఒక్క సంగతియే తెలుపును.

ఇక ఆయువును హరించు కారణములు. వానిలో ప్రథమ స్థానము వేడిదే. రసాయన చర్యలు వేడిమి పెరిగిన కొలది వేగము హెచ్చును. 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీలకును బ్యాటరీ ఆయుర్దాయము ఇంచుమించు సగమగునని ఈ వృత్తిలోని వారికి చిరకాలముగా తెలిసిన స్థూల నియమము. వేడిలో సీసపు జాలీ త్వరగా తుప్పుపట్టును, నీరు ఆవిరియగును, ఊరక నున్నను నిలువ త్వరగా తరుగును. బయట 42 డిగ్రీలున్నప్పుడు ఎండలో నిలిపిన బండి బానెట్టు క్రింద వేడి అంతకంటె మిక్కుటము. ఆ దినములలో ఇంజను తేలికగా లేచును. నూనె పలుచగా నుండును. కావున బ్యాటరీ బలహీనమైనట్లు యజమానికి తోచదు. చలికాలము రాగానే నూనె చిక్కబడును, ఇంజనును త్రిప్పుటకు ఎక్కువ బలము కావలెను. అదే సమయమున బ్యాటరీలోని రసాయన చర్య మందగించును. వేసవిలో సగము బలము పోగొట్టుకొన్న బ్యాటరీ అప్పుడు చేతులెత్తివేయును. చలి దోషి కాదు, సాక్షి మాత్రమే.

రెండవ కారణము అసంపూర్ణముగా నింపుట. ఇందు ఒక విచిత్రము కలదు. ఇంజనును లేపుటకు బ్యాటరీ విస్తారముగా ఖర్చగునని అందరును భ్రమపడుదురు. లెక్క వేసి చూడవచ్చును. స్టార్టరు 200 ఆంపియర్లను 3 సెకండ్లు లాగినదనుకొన్నచో, అది 600 ఆంపియరు-సెకండ్లు. గంటలలోనికి మార్చగా ఒక ఆంపియరు-గంటలో ఆరవ వంతు. 10 ఆంపియర్లు ఎక్కించినచో ఒక్క నిమిషములో ఆ అప్పు తీరిపోవును. దీనికి భిన్నముగా, 55 వాట్ల హెడ్ లైట్లు రెండు మరచిపోయి వెలిగించి ఉంచినచో గంటకు 9 ఆంపియరు-గంటలు పోవును. నాలుగు గంటలలో 45 ఆంపియరు-గంటల బ్యాటరీ అడుగంటుచుండును. మీట త్రిప్పిన ఆ మూడు సెకండ్ల కన్న, మరచిపోయిన దీపమే గొప్ప దొంగ.

అయినచో పొట్టి ప్రయాణములు హానికరమని ఎందుకందురు? నింపుట యందు మొదటి భాగము త్వరగా సాగును. చివరి అయిదవ వంతు నిండుటకు గంటలు పట్టును. ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి తిరుగు కారుకు ఆ గంటలు ఎన్నడును చిక్కవు. దీపములు, ఫ్యాను, చల్లని గాలి యంత్రము, హారను తమ వంతును తీసికొనుచునే యుండును. బ్యాటరీ పూర్తిగా తరగదు, పూర్తిగా నిండదు. ముప్పాతిక కడుపుతో దినములు గడుపును. పలకలపై మిగిలిన సల్ఫేటు మొదట మెత్తగనే ఉండును. కాని పాకము చల్లారిన కొలది బెల్లము గడ్డకట్టినట్లు, కాలము గడచిన కొలది ఆ సల్ఫేటు పెద్ద పలుకులై గట్టిపడును. ఆ పైన ఎంత విద్యుత్తు ఎక్కించినను కరగదు. దీనినే మెకానిక్కులు సల్ఫేషన్ అందురు. అట్లు గట్టిపడిన మేరకు బ్యాటరీ శాశ్వతముగా చిన్నదై పోవును. వారమునకొకమారైనను సంగారెడ్డి వరకో, జహీరాబాదు వరకో ఆగకుండ పోయి వచ్చిన బండి దీనినుండి కొంత తప్పించుకొనును; ఆ వీలు లేనివారు నెలకొకమారు చార్జరుతో రాత్రి అంతయు నింపించుట మేలు.

మూడవ కారణము ఊరక నిలిపి ఉంచుట. బండి తాళము వేసినను నేటి కార్లలో గడియారము, దొంగల గంట, చిన్న యంత్రగణకములు మేల్కొనియే ఉండును. అవి 50 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసికొనినను దినమునకు 1.2 ఆంపియరు-గంటలగును. వేసవి సెలవులు ఏడు వారములనుకొన్నచో మొత్తము 58కి మించును. 45 ఆంపియరు-గంటల బ్యాటరీ అప్పటికే పూర్తిగా ఎండిపోవును. బడి మూయగానే కారును వాకిట నిలిపి స్వగ్రామమునకు పోవు ఉపాధ్యాయునకు జూన్ నెలలో ఎదురగు చిక్కు ఇదియే. అందునను వేసవి; వేడి ఒకవైపు, ఆకలి ఒకవైపు. పోవునప్పుడు ఋణపు టెర్మినలును విప్పి ఉంచుట, లేదా వారమునకొకమారు ఇంటివారి చేత అరగంట నడిపించుట పాటి శ్రద్ధ దీనికి చాలును. ఇంజనును లేపి రెండు నిమిషములకే ఆపివేయుట మాత్రము సేవ కాదు.

నాలుగవది నీటి సంగతి. నింపునప్పుడు కొంత నీరు ఉదజని, ప్రాణవాయువులుగా విడిపోయి ఎగిరిపోవును. ఆమ్లము పోదు, నీరే పోవును. కావున మూతలున్న బ్యాటరీలో పోయవలసినది ఆసిడ్ కాదు, డిస్టిల్డ్ వాటరు మాత్రమే. దుకాణము మూసి ఉన్నదని బోరు నీటిని పోయువారు కలరు. త్రాగుటకు తియ్యగా నున్న నీరైనను అందులోని ఇనుము, క్లోరైడు మొదలగు లవణములు పలకలకు విషమే. ఫలకములు మునిగి పైన కొంచెము నిలుచునట్లు పోయవలెను. అంతకు మించి పోసినచో పొంగి టెర్మినళ్లను తినివేయును. విడిపడు ఉదజని గాలిలో నూటికి నాలుగు పాళ్లు కలిసినను నిప్పురవ్వకు ప్రేలును. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించుటయు, అగ్గిపుల్ల గీచి నీటిమట్టము చూచుటయు ప్రమాదకరములు.

అయిదవ కారణమును బ్యాటరీకి అంటగట్టుట అన్యాయము. అది నింపు యంత్రము యొక్క దోషము. పూర్వపు అంబాసిడర్లలోను జీపులలోను డైనమో ఉండెడిది; ఇంజను మెల్లగా తిరుగునప్పుడు అది చాలినంత ఇచ్చెడిది కాదు. తరువాత వచ్చిన ఆల్టర్నేటరు ఆ లోపమును చాల వరకు తీర్చినది. ఇంజను నడచుచుండగా బ్యాటరీ కొనల వద్ద 13.8 నుండి 14.5 వోల్టుల వరకు కనిపించవలెను. 13కు సమీపమున నిలిచినచో బెల్టు సడలినదో, ఆల్టర్నేటరు అలసినదో చూడవలెను. 15ను దాటినచో రెగ్యులేటరు చెడినదని అర్థము. అప్పుడు బ్యాటరీ ఉడికిపోవును. టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పూచిన పుప్పొడి కూడ దారికి అడ్డమే. వేడినీటిలో తినుసోడా కలిపి కడిగి, ఆరిన పిమ్మట బిగించి, కొంచెము వేజలీను పూసినచో అనేక "చచ్చిన" బ్యాటరీలు బ్రతికివచ్చును. కొత్తదానిని కొనుటకు ముందు ఈ పరీక్షలు చేయని యజమాని, పాత రోగమునకు కొత్త బ్యాటరీని ఆహుతి చేయుచున్నాడు. బిగింపు సడలి గతుకుల బాటపై ఊగులాడిన బ్యాటరీలో పలకల లేపనము రాలి అడుగున చేరుటయు ఇట్టి దోషమే.

ఆపదలో పొరుగు బండినుండి తీగలు వేసి లేపుటకు ఒక క్రమము కలదు. ఎర్ర తీగను మొదట చచ్చిన బ్యాటరీ ధనధ్రువమునకు, రెండవ కొనను మంచిదాని ధనధ్రువమునకు తగిలింపవలెను. నల్ల తీగను మంచిదాని ఋణధ్రువమునకు, చివరి కొనను చచ్చిన బండి ఇంజనులోని రంగులేని లోహభాగమునకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. చివరి తాకిడిలో రవ్వ లేచుట సహజము. ఆ రవ్వ బ్యాటరీపై ప్రేలుడు వాయువు నున్నచోట లేవకుండుటకే ఈ జాగ్రత్త.

ఇంత చేసినచో సీసపు బ్యాటరీ ఎంతకాలము మనును? సాధారణముగా 3 నుండి 5 సంవత్సరములు. మన ఎండలలో అశ్రద్ధ తోడైనచో రెండేండ్లకే ముగియును. శ్రద్ధ ఉన్నచో అయిదేండ్లను తాకును. ఒకే దుకాణములో ఒకే దినమున కొన్న రెండు బ్యాటరీలలో ఒకటి ముందుగా పోవుటకు అదృష్టము కన్న ఈ భేదమే మిక్కిలి కారణము.

ఎండలకు ఓర్చు బ్యాటరీని నిర్మించుట యందు తెలుగువారి కృషి స్మరింపదగినది. 1977లో హైదరాబాదులో హైదరాబాదు బ్యాటరీస్ అను పేర వెలసిన సంస్థ నేడు హెచ్.బి.ఎల్. అను పేర రైళ్లకును రక్షణ శాఖకును ప్రత్యేక బ్యాటరీలను తయారు చేయుచున్నది. చిత్తూరు జిల్లావాడగు గల్లా రామచంద్రనాయుడు అమెరికానుండి తిరిగివచ్చి 1985లో అమరరాజా సంస్థను నెలకొల్పెను. తిరుపతి సమీపమున కరకంబాడిలో దాని తొలి కర్మాగారము వెలసెను. ఆ సంస్థ ముందు పరిశ్రమలకు కావలసిన, మూతలు లేని బ్యాటరీలను చేసి, అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ తో కలిసి 2000లో అమరాన్ అను పేర మోటారు బ్యాటరీని అంగడిలోనికి తెచ్చినది. సీసములో ఆంటిమొనీకి బదులు కాల్షియమును కలిపినచో నీరు తక్కువగా పోవును. అందుచేతనే నేటి బ్యాటరీలలో చాలవాటికి నీరు పోయనక్కరలేదు. అయితే "నీరు పోయనక్కరలేదు" అనుటకు "చూడనక్కరలేదు" అని అర్థము చేసికొనరాదు. వేడి, ఆకలి, సడలిన బెల్టు వీనికి కాల్షియము మందు కాదు.

విద్యుత్ కార్లు వచ్చినచో ఈ చింత తీరునా? వానిని నడుపు పెద్ద బ్యాటరీ లిథియముది. దానిని నిర్మించుటకు మహబూబునగరు సమీపమున దివిటిపల్లిలో అమరరాజా కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. కాని దీపములను, తాళములను, యంత్రగణకములను మేల్కొలుపుటకు విద్యుత్ కార్లలో సైతము 12 వోల్టుల చిన్న బ్యాటరీ కలదు. అది తరిగినచో పెద్దది నిండియున్నను కారు కదలదు. లిథియమునకును వేడి శత్రువే. సీసమునకు సగము నిండి ఉండుట రోగము. లిథియమునకు నిండుగా నింపి ఎండలో నిలుపుట రోగము. ప్రకృతులు వేరైనను రెండును చల్లని నీడను కోరును. వాకిట ఒక వేపచెట్టు నాటిన గృహస్థు రెండు విధముల బ్యాటరీలకును వైద్యుడే.

చచ్చిన బ్యాటరీ సంగతి చెప్పక ఈ ప్రసంగము ముగింపరాదు. దాని బరువులో సగమునకు పైగా సీసము. సరియైన కర్మాగారములో కరిగించినచో ఆ సీసము ఇంచుమించు అంతయు కొత్త బ్యాటరీగా పునర్జన్మ నెత్తును. వస్తువులలో ఇట్టి పునర్జన్మ మిక్కిలి అరుదు. కాని పెరటిలో పగులగొట్టి, ఆసిడ్‌ను కాలువలో పారబోసి, పొయ్యి మీద సీసమును కరిగించినచో ఆ ధూళి ఇంటి మట్టిలో కలిసి, ప్రాకు పిల్లల చేతులనుండి నోటికి చేరును. పిల్లల మెదడు పెరుగుదలకు సీసము కీడు చేయును. ఇంత వరకు ఫరవాలేదనదగిన మోతాదు పిల్లల విషయమున లేదని ప్రపంచారోగ్య సంస్థ తెలుపుచున్నది. అందుచేతనే భారత ప్రభుత్వము 2001లో ఒకమారు, మరింత కఠినముగా 2022లో ఒకమారు నియమములు చేసి, పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారుచేయువారిపై ఉంచినది. పాతదానిని కొత్తది కొన్న దుకాణమునకే ఇచ్చి ధర తగ్గించుకొనుట లాభమును, ధర్మమును కూడ.

రసాయన శాస్త్ర పాఠములో లెడ్ సల్ఫేటు అను మాట వచ్చినప్పుడు విద్యార్థికి అది నల్లబల్ల మీది సూత్రముగా మాత్రమే తోచును. ఉపాధ్యాయుడు ఒక వోల్టు మీటరును చేతికిచ్చి, బడి ఆవరణలో నిలిచిన వాహనపు వోల్టులను నెలకొకమారు కొలిపించి, పక్కన ఆనాటి ఉష్ణోగ్రతను వ్రాయించినచో పరిస్థితి మారును. చైత్రమునుండి పుష్యము వరకు వ్రాసిన ఆ పది అంకెలు, వేసవి చేసిన గాయము చలికాలమున ఎట్లు పలుకునో ఏ పుస్తకము కన్నను చక్కగా బోధించును. ఆ అంకెలను చూడనేర్చిన బాలుడు రేపు బండి కొన్నప్పుడు, ఎండ ముదరక మునుపే మెకానిక్కు వద్దకు పోవును.